కదా లేని ప్రశ్న

పదకొండింటికి రావాలి. వస్తే. వచ్చినా ఆయనగారు వెంట లేకుండా వస్తుందా, అంత అదృష్టం కూడానా అనుకుంటూ కదమ్మ ఎక్స్‌రే గది గోడ మీది గడియారం వంక చూసింది. పదీ ఇరవై. ఆ గడియారం ఏడు నిమిషాలు వెనక నడుస్తుందని ఆసుపత్రి మొత్తానికీ తెలుసు, అయినా ఎవరూ సరిచెయ్యరు, ఎందుకంటే దానికి నిచ్చెన కావాలి, నిచ్చెనేమో స్టోరు గదిలో ఉంటుంది, స్టోరు తాళంచెవేమో ఎప్పుడూ సెలవులో ఉండే పెద్దమనిషి జేబులో ఉంటుంది. కాబట్టి పదీ ఇరవై ఏడు. ఇంకా ముప్ఫై మూడు నిమిషాలు. ఈలోపల చూడాల్సినవి బయట బెంచీ మీద ఒక మోకాలు, ఒక మోచెయ్యి, ఒక పాత దగ్గు ఉన్నాయి. మనుషుల్ని కదమ్మ అలాగే లెక్కపెట్టుకుంటుంది, ఇరవై రెండేళ్ళుగా లోపలి సంగతులు చూస్తున్న మనిషికి పై మొహాలు అంతగా గుర్తుండవు. కానీ ఈ వచ్చే ఆవిడ మొహం మాత్రం మూడు వారాలుగా కళ్ళ ముందునుంచి కదలటం లేదు. మోకాలిని బల్ల ఎక్కించి, ఇలా వంచండి, చాలు చాలు, నొప్పి లేదు కదా అంది. మోకాలు తాలూకు ముసలాయన, నొప్పి లేకపోతే ఇక్కడికెందుకు వస్తానమ్మా అన్నాడు. అదీ నిజమే. కదమ్మ నాలిక కరుచుకుంది. పొద్దుట్నుంచి ఇది పదమూడో కదా.

ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా బతికి లేదు. కదమ్మ అన్న పేరు ఎలా వచ్చిందన్న దాని మీద ఆసుపత్రిలో రెండు వాదాలున్నాయి. రోజుకు వందసార్లు కదలకండమ్మా, కదలకండమ్మా అని అరిచి అరిచి మధ్య అక్షరాలు అరిగిపోయి కదమ్మ మిగిలిందని నర్సుల వాదం. మాటకు తోకలా ఒక కదా తగిలించకుండా ఆవిడ నోరు మూతపడదు గనక అని మందుల కౌంటరు వాదం. రెండూ నిజమే. అసలీ కదా పిచ్చి ఉద్యోగమే అంటించింది. గర్భం లేదు కదా, లోపల ఇనుప ముక్కలేమీ పెట్టలేదు కదా, గొలుసు తీసేశారు కదా, నొప్పి ఈ వైపే కదా. అలా అడిగితే ఎంత సుఖం, అవతలివాళ్ళు తల ఊపితే చాలు, ఒకరి వెనక ఒకరు నిమిషంలో వెళ్ళిపోతారు, బెంచీ ఖాళీ అవుతుంది. మెల్లగా అది ఇంటికీ పాకింది. కూర బాగుంది కదా అంటే మొగుడు తల ఊపుతాడు. మీ అమ్మకు నా మీద కోపమేం లేదు కదా అన్నా ఊపుతాడు. ఇన్నేళ్ళ కాపురంలో తనకు ఒక్క చెడ్డ జవాబూ రాలేదు. వచ్చే దారి తానే మూసేసిందని తెలిసి పది రోజులే అయింది.

మూడు వారాల కిందట సూదమ్మను కూడా అలాగే అడిగింది. సూదమ్మ అన్నది కదమ్మ మనసులో పెట్టుకున్న పేరు. పక్కటెముకల నొప్పి అని వచ్చింది, కాగితం మీద బాత్రూంలో జారిపడుట అని రాసి ఉంది, వృత్తి దగ్గర ఇంటిపని అని ఉంది, రెండూ మొగుడే చెప్పి రాయించాడని మాటలు చూస్తేనే తెలుస్తుంది, ఏ మనిషీ తన గురించి తాను అంత కుదురుగా చెప్పుకోదు. ఆయనేమో ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు, పెళ్ళాం చేతిసంచీ తన భుజానికి తగిలించుకుని, మంచినీళ్ళ సీసా మూత తీసి అందిస్తుంటే, బెంచీ మీది ఆడవాళ్ళందరూ తమ మొగుళ్ళ వంక ఒకసారి చూసుకుని నిట్టూర్చారు. నొప్పి ఎక్కడమ్మా అని కదమ్మ ఆవిణ్ణి అడిగితే ఆయన తన పక్కటెముకలు తడుముకుని చూపించాడు. ఎంత ప్రేమో అని ముచ్చటపడిన మాట నిజం. అది గుర్తొస్తే ఇప్పటికీ తన మీద తనకు ఒళ్ళు మండుతుంది. మొదటి ఫిల్ములో మెడ దగ్గర సన్నగా తెల్లగా ఒక గీత, చూస్తే సూది, ఆవిడ చుడీదారు కాలరులో గుచ్చి మరిచిపోయిన కుట్టు సూది. మానమన్నా మానదండీ ఈ కుట్టు పిచ్చి, మిషను కూడా అమ్మేశాను అని ఆయన తలుపు అవతలనుంచే నవ్వాడు. సూది తీయించి రెండోది తీస్తే, అప్పుడు కనిపించాయి. ఎడమ వైపు ఒక కొత్త చిట్లు, దాని కింద ఎప్పుడో విరిగి అతుక్కున్నవి రెండు. జారటమంటే జారటమే, ఎవరైనా జారతారు, కానీ ఏళ్ళ తరబడి ఒకే వైపుకు తోసే బాత్రూం ఎక్కడుంటుంది?

అప్పుడు అడిగింది. తలుపు పైన ఎర్ర లైటు వెలుగుతోంది, ఆ లైటు వెలిగినంతసేపూ పేషెంటు తప్ప నరమానవుడెవడూ లోపలికి రాకూడదు. ప్రపంచంలో ఆ మొగుడు అడుగుపెట్టలేని చోటు బహుశా అదొక్కటే, ఆ చోటు కదమ్మ చేతిలో ఉంది, రెండు నిమిషాల సమయమూ ఉంది. దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి అడగనే అడిగింది. ఇంట్లో అంతా బాగానే ఉంది కదమ్మా? బాగానే ఉందండీ, అంది సూదమ్మ. ఇంకేమంటుంది? జవాబు తానే వండి, వడ్డించి, తినమ్మా అంటే తిన్నది. కాలరు సర్దుకుని, ఎర్ర లైటు ఆరిపోయాక, బయటికి వెళ్ళిపోయింది. ఎముకల డాక్టరు దగ్గరికి ఫిల్ము పట్టుకెళ్ళి, ఇది జారటం కాదు సార్ అంటే, మన పని ఎముకల వరకే కదమ్మా అన్నాడాయన, తల ఎత్తకుండా. మూడు వారాల తర్వాత మళ్ళీ ఒక ఫిల్ము అని రాసి పంపించాడు. ఆ మూడు వారాలు ఇవాళ్టితో అయిపోయాయి.

మోచెయ్యి వెళ్ళింది, దగ్గు లోపలికి వచ్చింది. గాలి పీల్చండి, బిగబట్టండి, కదలకండి, ఆఁ, వదలండి. దగ్గు బిగబట్టలేక నాలుగుసార్లు దగ్గింది, నాలుగుసార్లూ మళ్ళీ మొదలు. పదీ నలభై, అంటే నలభై ఏడు. పది రోజుల కిందట ఇదే వేళకు క్యాంటీన్లో బల్లలు గోడకు జరిపి అందర్నీ కూర్చోబెట్టారు, ఇళ్ళలో దెబ్బలు తినే ఆడవాళ్ళు ఆసుపత్రికి వస్తే ఏం చెయ్యాలో నేర్పటానికి. నేర్పటానికి వచ్చినావిడ పొట్టిగా, పెద్ద సంచీతో, ఎంత నెమ్మదిగా మాట్లాడుతుందంటే వినపడాలంటే అందరూ నోరు మూసుకోవాల్సిందే. అదొక విద్య అని కదమ్మకు తర్వాత తెలిసింది. ఆవిడ ఎముకల డాక్టర్ని పేషెంటుగా కుర్చీలో కూర్చోబెట్టి, కదమ్మను అడగమంది. కదమ్మ ధాటిగా వెళ్ళి, ఇంట్లో ఏం గొడవలు లేవు కదా అంది. లేవు, అన్నాడు డాక్టరు, హాయిగా. అందరూ చప్పట్లు కొట్టబోయారు. పొట్టావిడ బోర్డు మీద ఒక గీత గీసింది. తర్వాత కదమ్మ ఎప్పుడు కదా అన్నా ఒక గీత, భోజనాల వేళకు నలభై ఒక్క గీతలు. అమ్మా, కదా అంటే అడగటం కాదు, అవతలివాళ్ళ నోరు మెత్తగా మూయటం, అంది. మెత్తగానే అంది, కానీ కదమ్మకు కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. ఆ తర్వాత ఆవిడే డాక్టరు ఎదురుగా కూర్చుని, కళ్ళలోకి చూస్తూ, మీ ఇంట్లో మిమ్మల్ని ఎవరైనా బాధపెడుతున్నారా అని అడిగి ఊరుకుంది. ఊరుకుందంటే ఊరుకుంది. డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, చిన్నప్పుడు మా నాన్నగారు అని మొదలుపెట్టి, అక్కడే ఆపేసి, నాటకమే లెండి అన్నాడు. సాయంత్రం ఆయన ఎక్స్‌రే గది గుమ్మంలో నిలబడి, ఆవిడ, ఎడమ వైపు, మూడు ఎముకలు, మళ్ళీ ఎప్పుడొస్తుంది అని అడిగాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన ఆ గుమ్మం దాకా నడిచి రావటం అదే మొదటిసారి.

పొట్టావిడ చెప్పినవన్నీ కదమ్మ ఇంటికెళ్ళి వంటింటి అలమర తలుపుకు లోపలి వైపు అంటించుకుంది. ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. సూటిగా అడగాలి. అడిగాక మనసులో పది లెక్కపెట్టాలి, ఆ పదిలోపల మన నోరు తెరుచుకోకూడదు. చెబితే నమ్మాలి, నమ్ముతున్నామని పైకి అనాలి. చెప్పకపోతే పోనివ్వాలి, తలుపు తెరిచే ఉంచాలి. సలహాల బుట్ట కింద పెట్టాలి. ఇందులో కదమ్మకు కష్టమైనవి ఏవంటే, అన్నీ. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, పది దాకా ఊరుకోవటమంటే నీళ్ళలో తల ముంచుకుని కూర్చోవటమే. అలవాటు కోసం ముందు మొగుడి మీద ప్రయోగించింది. ఆయన బడిలో లెక్కల మాస్టారు, పేపరు చదువుకుంటున్నాడు. ఇంట్లో మిమ్మల్ని ఎవరైనా భయపెడుతున్నారా అని అడిగి, ఒకటి, రెండు, మూడు. ఆయన పేపరు దించాడు. తలుపు వంక చూశాడు. ఇది ఎవరికీ చెప్పవుగా అన్నాడు. చెప్పను. నువ్వే, అన్నాడు.

తర్వాత అత్తగారు. అక్కడే కథ అడ్డం తిరిగింది. ఆవిడకు ఎడమ చెవి వినపడదు, కుడి చెవి ఇష్టమైతే వినపడుతుంది, టీవీ ముందు కూర్చుంటే రెండూ పోతాయి. ఎలాగూ చెవిటివాడి ముందు శంఖమే కదా అన్న ధైర్యంతో, అత్తయ్యా, మిమ్మల్ని ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా కొట్టారా అని మామూలు గొంతుతోనే అడిగింది. అత్తగారు టీవీ గొంతు తగ్గించింది. ఎవరైనా ఏమిటే, మీ మామగారేగా కొట్టేది, ఇంకెవరు కొడతారు, బయటివాళ్ళకేం పని, అంది. కదమ్మ పది లెక్కపెట్టాల్సిన అవసరం లేకపోయింది, నోరు దానంతటదే పడిపోయింది. మామగారు! గోడ మీది ఫోటోలో నవ్వుతూ, ఊరందరికీ పెద్దమనిషి. అత్తగారు చిటికెన వేలు చూపించింది. చెంబు విసిరాడే, మొహానికి తగులుతుందని చెయ్యి అడ్డం పెట్టాను, అంది. ఆ వంకర వేలు కాఫీ గ్లాసుకు అతుక్కుని ఇరవై నాలుగేళ్ళుగా రోజూ కదమ్మ చేతికి కాఫీ అందిస్తోంది. వాతమనుకుంది. వాతానికి మూడు రకాల నూనెలు కూడా సలహా చెప్పింది. లోకంలో అందరి ఎముకలూ చదివే మనిషి ఇంట్లో ఎముకను చదవలేదు. ఎవరికీ చెప్పలేదేం అత్తయ్యా అంటే, ఎవరడిగారు, అంది అత్తగారు. కాఫీలో పంచదార సరిపోయిందని చెప్పేవాళ్ళే గానీ, అంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మా అమ్మ కూడా చెప్పనిచ్చేది కాదే, అంది. కదమ్మ వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. మర్నాటినుంచీ అత్తగారు అదే వేళకు టీవీ తగ్గించి, గొంతు సవరించుకుని, ఇవాళేం అడగవా అంటోంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగితే అత్త కూడా పెడుతుందని ఎవరికీ తెలియదు.

పదీ యాభై ఐదు. అంటే రెండు నిమిషాలు దాటిపోయింది. రాదు. ఎందుకు వస్తుంది, మొన్న తానే కదా, నీ కష్టం నాకు చెప్పకు తల్లీ అని మర్యాదగా చెప్పి పంపింది. ఇరవై రెండేళ్ళలో ఇలాంటివాళ్ళు ఎంతమంది వచ్చి ఉంటారు, మెట్ల మీంచి పడ్డవాళ్ళు, తలుపు తగిలినవాళ్ళు, అలమర మీంచి డబ్బా జారి పడ్డవాళ్ళు, ఎంతమందికి బాగానే ఉంది కదా అని తాళం వేసి పంపించిందో, ఆ లెక్క ఏ బోర్డు మీదా పట్టదు. కదమ్మ బల్ల పక్కన పొద్దున్నే పెట్టుకున్న స్టూలు ఇటు జరిపింది, మళ్ళీ అటు జరిపింది. నిలబడి అడిగితే పోలీసులా ఉంటుంది, పక్కన కూర్చుని అడగాలి. వాక్యం మరోసారి అనుకుంది. మీ ఇంట్లో మిమ్మల్ని ఎవరైనా కొడుతున్నారా. చివర చుక్క. చుక్క తర్వాత ఏమీ లేదు. సొరుగులో పొట్టావిడ ఇచ్చిన కరపత్రాల కట్ట ఉంది, గులాబీ రంగు, మీద అరచేతి మందాన అక్షరాలు, ఇంటికి పట్టుకెళితే అదే ఇంకో దెబ్బకు కారణమవుతుంది. అవి వద్దని కదమ్మే వాదించింది. పొట్టావిడ ఒప్పుకుని, నవ్వి, అందుకే పెద్దనర్సుతో మాట్లాడి మూడో గదిని అడిగి తీసుకున్నాను అంది. మూడో గది బయట ఆహార సలహాలు, ఆడవారికి మాత్రమే అని బోర్డు ఉంటుంది. లోపల మంగళవారం, శుక్రవారం పొట్టావిడే కూర్చుంటుంది. ఇవాళ శుక్రవారం.

తలుపు తట్టారు. సంచీ ముందు వచ్చింది, ఆయన భుజం మీద, తర్వాత ఇస్త్రీ చొక్కా, వెనక సూదమ్మ. ఆలస్యమైందండీ, ఈవిడ తెమలదు, అన్నాడాయన. ఊపిరి పీల్చినప్పుడు ఇంకా కాస్త పట్టేస్తోందట, అని కూడా ఆయనే అన్నాడు. కదమ్మ చూపు సూదమ్మ జేబులోంచి తొంగిచూస్తున్న ఫోను మీద పడింది. దాని వెలుగులో అంకెలు నడుస్తున్నాయి, నలభై రెండు నిమిషాలు, నలభై రెండు నిమిషాల ఒక సెకను. పక్కనే నడిచి వస్తున్న మొగుడితో ఫోన్లో మాట్లాడుతున్నట్టు! పొట్టావిడ చెప్పకపోయుంటే కదమ్మకు అర్థమయ్యేది కాదు. ఆయన లోపలికి రాకపోయినా, చెవి లోపలికి వస్తుందన్నమాట. కదమ్మకు ఒక్కసారి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. ఫోను, గొలుసు, కమ్మలు, పిన్నులు, ఇనుము తాలూకు ఏదీ లోపలికి రాకూడదు, అన్నీ ట్రేలో పెట్టండి, అంది. సూదమ్మ ఒక్కొక్కటే పెట్టింది. చివర కాలరు తడుముకుని సూది తీసి పెట్టింది. మిషను అమ్మేసినా సూది ఉంది! కదమ్మ ఆ ట్రే ఎత్తి ఆయన చేతుల్లో పెట్టింది. రెండు చేతులా పట్టుకోండి, అందులో సూదుంది, కదిలితే ఎక్కడ పడుతుందో తెలీదు, అంది. ఆయన కదలకుండా నిలబడ్డాడు. తలుపు మూసింది. ఎర్ర లైటు వేసింది.

ఇప్పుడు స్టూలు మీద కూర్చోవాలి. కానీ కాళ్ళకు స్టూలు సంగతి ఎవరు చెప్పారు, అవి ఇరవై రెండేళ్ళ అలవాటున తిన్నగా సీసపు అద్దం వెనక్కి నడిచాయి, చెయ్యి తిన్నగా మీట మీదికి పోయింది, నోరు తిన్నగా గాలి పీల్చండి, ఇంకా, ఇంకా, బిగబట్టండి, కదలకండి అంది. సూదమ్మ బిగబట్టింది. యంత్రం టిక్కుమంది. అదే ఊపులో, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదన్న భయంలో, వాక్యం గొంతులోంచి దూకేసింది. మీ ఇంట్లో మిమ్మల్ని ఎవరైనా కొడుతున్నారా. చుక్క! కదా రాలేదు! కదమ్మ పెదవులు రెండూ లోపలికి మడిచి పళ్ళతో పట్టుకుంది. ఒకటి. రెండు. సూదమ్మ అటు తిరిగే ఉంది, జవాబు లేదు. మూడు. నాలుగు. ఊరుకో, ఊరుకోవటమే వైద్యమన్నారు. ఐదు. ఈ నిశ్శబ్దం ఎంత బరువుగా ఉంది, చెప్పాలా వద్దా అని ఎంత నలిగిపోతోందో పాపం. ఆరు. ఏడు. పొట్టావిడ చూస్తే గర్వపడును. ఎనిమిది. ఆ మెడ మీద నరం ఎందుకలా పొంగింది? తొమ్మిది. చెవులెందుకు ఎర్రబడుతున్నాయి? పది, పదకొండు, పన్నెండు, అయ్యో నా తల్లీ!

"వదలండమ్మా! ఊపిరి వదలండి!"

సూదమ్మ ఒక్కసారిగా గాలంతా వదిలి, బల్ల అంచు పట్టుకుని నిలబడింది. కదమ్మ అద్దం వెనకనుంచి పరుగెత్తుకొచ్చింది.

"మీరు వదలమంటారేమోనని చూస్తున్నానండీ," అంది సూదమ్మ, రొప్పుతూ. "చెప్పకుండా వదలకూడదనుకున్నాను."

అంతలోనే సూదమ్మ మొహంలో ఏదో కదిలింది, పెదవి చివర వణికింది, ఏడుస్తుందనుకుంటే నవ్వింది. నవ్వి, అమ్మా అని పక్కటెముకలు పట్టుకుంది, పట్టుకుని మళ్ళీ నవ్వింది. నవ్వు నాలుగు విధాల చేటంటారు, పక్కటెముక చిట్లినవాళ్ళకు ఐదోది కూడా ఉంది. కదమ్మకూ ఆగలేదు, ఇద్దరూ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, బయటికి వినపడకుండా, బడి వెనక బెంచీ ఆడపిల్లల్లా నవ్వారు. నవ్వు కాస్త తగ్గాక సూదమ్మ కళ్ళు తుడుచుకుంది.

"మీరేదో అడిగారు," అంది. "మళ్ళీ అడగండి. ఊపిరి బిగబట్టుకుని ఉంటే సరిగా వినపడదు."

కదమ్మ ఆవిణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. మళ్ళీ అడిగింది, ఈసారి నెమ్మదిగా. చుక్క పెట్టింది. ఆరు దాకా లెక్కపెట్టిందో లేదో, తలుపు చప్పుడైంది. "మేడమ్, ఇంకా అవలేదా? అంతా బాగానే ఉంది కదా?" అని ఆయన మెత్తటి గొంతు.

సూదమ్మ తలుపు వంక చూడలేదు. కదమ్మ కళ్ళలోకి చూస్తూ, పెదవి దాటీ దాటనట్టు, "లేదండీ," అంది. "బాగాలేదు."

"రేడియేషన్!" అని కదమ్మ తలుపు వైపు తిరిగి ఒక్క అరుపు అరిచింది. బయట అడుగులు నాలుగు వెనక్కి వెళ్ళాయి, ట్రేలో సామాను గలగలలాడింది. ఆ యంత్రం వెలువరించేది రెప్పపాటు కాలమేనని, అదీ ఎప్పుడో అయిపోయిందని ఆయనకు ఎవరు చెబుతారు.

సూదమ్మ చెప్పింది. ఎక్కువేం చెప్పలేదు, నాలుగు మాటలు, కుట్టు విప్పినట్టు ఒక్కో పోగూ లాగుతూ చెప్పింది. బూటుకాలి సంగతి, మిషను అమ్మేసిన సంగతి, జనం ముందు నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చే సంగతి. కదమ్మ నాలిక చివర ఎనిమిది సలహాలు వరస కట్టి నిలబడ్డాయి, వదిలెయ్యి వాణ్ణి, మీ వాళ్ళకు చెప్పు, కేసు పెట్టు, ఇన్నాళ్ళు ఎలా పడ్డావు. ఎనిమిదింటినీ మింగేసింది. నమ్ముతున్నాను, అంది. ఇందులో మీ తప్పు ఏమీ లేదు, అంది. అలమర తలుపు మీద చదివినప్పుడు ఎంత పొడి మాటల్లా ఉండేవో, ఇప్పుడు అంటుంటే తనకే కొత్తగా వినిపించాయి. ఇవాళ ఇంటికి వెళ్ళటానికి భయంగా ఉందా అని అడిగితే, ఇవాళ మా ఆయన వాళ్ళన్నయ్య వస్తున్నాడండీ, ఇంట్లో జనముంటే ఈయన మంచివాడే అంది సూదమ్మ. మరి ఇప్పుడు మీకేం కావాలి? ఆ ప్రశ్న విని సూదమ్మ తన వెనక ఇంకెవరైనా ఉన్నారా అన్నట్టు చూసింది.

"జారిపడ్డానని రాసి ఉంది కదండీ ఆ కాగితంలో," అంది చివరికి. "అది నేను చెప్పింది కాదు. నేను చెప్పింది ఎక్కడైనా రాసి పెట్టండి."

కదమ్మ కొత్త కాగితం తీసింది. ఇది ఆసుపత్రి ఫైల్లోనే ఉంటుంది, ఆయన చేతికొచ్చే కవర్లో ఉండదు, ఎముకల డాక్టరు మాత్రం చూస్తారు, సరేనా అని అడిగి, ఆవిడ సరేనన్నాక, ఆవిడ మాటలు ఆవిడవిగానే రాసింది. పైకి చదివి వినిపించింది. కుడి బూటు అండీ, అని ఒక్కచోట దిద్దింది సూదమ్మ. మూడో గది గురించి చెప్పింది, ఇవాళే వెళ్ళాలని లేదు, అసలు వెళ్ళకపోయినా పర్లేదు, ఆ తలుపు మంగళవారం, శుక్రవారం తెరిచే ఉంటుంది, ఏ వేళయినా చెయ్యదగ్గ ఫోను నంబరు కూడా ఒకటుంది, కానీ కాగితం మీద వద్దు. చెప్పండి, అంది సూదమ్మ. కదమ్మ చెప్పింది. సూదమ్మ ఒక్కసారి విని, ఛాతీ ఇంత, నడుము ఇంత, చెయ్యి పొడుగు ఇంత అని కొలతలుగా గొణుక్కుని, తిరిగి తప్పు లేకుండా అప్పజెప్పింది. నలభై మంది కొలతలు రాసుకోకుండా గుర్తుపెట్టుకునేదాన్నండీ, అంది, మొదటిసారి కాస్త గర్వంగా. తర్వాత బల్ల దిగి, కాలరు సర్దుకుంది.

"ఆహార సలహాలని బోర్డుందా?"

"ఉంది."

"అయితే ఇవాళే వెళ్తాను. ఆయన బోర్డుల్ని బాగా నమ్ముతాడు."

కదమ్మ ఎర్ర లైటు ఆర్పి తలుపు తీసింది. ఆయన రెండు చేతులా ట్రే పట్టుకుని, చెప్పిన చోటే నిలబడి ఉన్నాడు. ఏమైందండీ అన్నాడు, ట్రేలోంచి ఆయన గొంతే సన్నగా ఏమైందండీ అంది, చొక్కా జేబులో ఆయన ఫోను, ట్రేలో ఆవిడ ఫోను, దాదాపు గంటసేపటినుంచీ ఒకదాన్నొకటి వింటున్నాయి. ఎముకకు బలం చాలదు, మూడో గదిలో ఆహార సలహా తీసుకోవాలి, ఆడవాళ్ళకే, అంది కదమ్మ. ఆయన తల పంకించాడు. "వెళ్ళు. ఆవిడ అడిగినవన్నీ దాచకుండా చెప్పు," అని, కదమ్మ వైపు తిరిగి, "ఏదీ నోరు తెరిచి చెప్పదండీ ఈ మనిషి," అన్నాడు, బాధగా. సరేనండీ, అంది సూదమ్మ. ట్రే దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. గొలుసు తీసుకోలేదు, కమ్మలు తీసుకోలేదు, ఫోను తీసుకోలేదు. సూది తీసుకుని, కాలరులో గుచ్చుకుని, నడవా చివర మూడో గది దాకా ఒక్కతే నడిచి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

ఆయన ట్రే పట్టుకునే ఉన్నాడు. మూసుకున్న తలుపు వంక చూశాడు, ట్రేలో ఫోను వంక చూశాడు, కదమ్మ వంక చూసి నవ్వాడు. "కంగారు పడాల్సిందేం లేదు కదా మేడమ్?"

ఇరవై రెండేళ్ళుగా ఆ మాటకు కదమ్మ దగ్గర ఒకటే జవాబు, ఏం లేదండీ, నిశ్చింతగా ఉండండి. అది నాలిక మీదికి వచ్చి కూర్చుంది కూడా. కదమ్మ పెదవులు లోపలికి మడుచుకుంది. ఒకటి, రెండు, మూడు. ఆయన నవ్వు అలాగే ఉంది. నాలుగు, ఐదు. ట్రే ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు. ఆరు. గడియారం వంక చూశాడు, అది తప్పు అని ఆయనకు తెలియదు. ఏడు దగ్గర తల దించుకున్నాడు. కదమ్మ మాత్రం పది దాకా లెక్కపెట్టింది.